పడవలో ఏ రంగు దీపం?

మా మేనల్లుడు కాకినాడలో ఒక మరపడవ కట్టిస్తున్నాడు. కట్టిస్తున్నాడంటే డబ్బు వాడిది, పని వడ్రంగులది. వాడికి ఈతయినా రాదు. అది వేరే సంగతి. పడవ సగానికి పైగా తయారయింది, ఇంజను వచ్చింది, రంగు కూడా వేశారు. ఇక కేబిన్‌లో రాత్రిపూట ఏ రంగు దీపం పెట్టాలన్న ఒక్క ధర్మసందేహం మిగిలిపోయి, ఆ మధ్య ఒక ఆదివారం నాడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో చుట్టచుట్టిన దీపాల పట్టీ, దానికో రిమోటు. ఒక మీట నొక్కితే నీలం, ఇంకోటి నొక్కితే ఆకుపచ్చ, మరోటి నొక్కితే వంగపండు రంగు. మా హాలు గోడ మీద అయిదు నిమిషాలు రికార్డింగ్ డాన్సు జరిగింది.

"నువ్వు చదువుకున్నవాడివి కదా మావయ్యా, ఏ రంగు పెట్టించమంటావు?" అన్నాడు.

నేను నోరు విప్పేలోగా మా ఆవిడ కాఫీ గ్లాసులతో వచ్చి తీర్పు చెప్పేసింది. "నీలం పెట్టించరా. రాత్రి ఏసీ బస్సుల్లో వేస్తారే, అలాంటిది. కళ్ళకి చల్లగా ఉంటుంది."

"నేనూ అదే అనుకున్నా అత్తయ్యా" అన్నాడు వాడు.

నిజానికి ఆ చల్లదనంలోనే ఉంది చిక్కంతా. మన కంట్లో రెండు రకాల కణాలున్నాయి. పగటి పనికి శంకు కణాలు, రంగులు చూపించేవి అవే. రాత్రి పనికి దండ కణాలు. ఇవి పన్నెండు కోట్ల దాకా ఉంటాయట గానీ, వీటికి రంగు తెలీదు, నలుపూ తెలుపూ సినిమాయే. చిన్నపాటి వెలుతురును కూడా పట్టుకునే ఈ దండ కణాలు బహు నెమ్మది మనుషులు. దీపం ఆర్పి చీకట్లోకి వెళ్తే, అవి పూర్తిగా నిద్ర లేచి పనిలోకి దిగడానికి అరగంట పైనే పడుతుంది. వాటిలో ఉండే ఊదారంగు పదార్థం వెలుతురు తగిలితే విరిగిపోయి, చీకట్లో మళ్ళీ నెమ్మదిగా కూడుకోవాలి. (దాని తయారీకి ఏ విటమిను కావాలి. రేచీకటి వచ్చిన పిల్లలకు మునగాకు పెట్టమనేది అందుకే.) అరగంట కష్టపడి కూడబెట్టుకున్న ఆ చూపును పాడుచెయ్యడానికి ఒక్క టార్చిలైటు, ఒక్క క్షణం చాలు.

ఈ దండ కణాలకు బాగా తగిలే వెలుతురు నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు. ముదురు ఎరుపు దాదాపుగా తగలదు. 1825 ప్రాంతంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త తెల్లవారుజామున పూలను చూస్తూ ఈ సంగతి గమనించాడు. పగలు మెరిసే ఎర్రపూలు మసక వెలుతురులో నల్లగా కనిపిస్తున్నాయి, నీలం పూలు మాత్రం వెలుగుతున్నాయి. తర్వాత 1916లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ ఆచార్యుడు ఎక్స్‌రే డాక్టర్ల కోసం ఎర్ర కళ్ళజోడు ఒకటి చేశాడు. చీకటి గదిలో పని చేయాల్సిన డాక్టరు అంతకు ముందంతా చీకట్లో కూచునే పని లేకుండా, అది పెట్టుకుని మామూలు గదిలో తిరుగుతూనే కళ్ళను సిద్ధం చేసుకోవచ్చు. జలాంతర్గాముల్లోనూ ఇదే లెక్క. రాత్రి పెరిస్కోపులోంచి చూడవలసినవాడి కళ్ళ కోసం లోపలి దీపాలు ఎర్రగా మార్చేవారు.

కనక మా ఆవిడ చెప్పిన నీలం, చుక్కాని పట్టుకున్నవాడికి అన్నిటికన్నా చెరుపు చేసే రంగు. బస్సులో పరవాలేదు. బస్సుకు ముందు రెండు పెద్ద దీపాలున్నాయి, పైగా డ్రైవరుకీ ప్రయాణికులకీ మధ్య తెర ఉంటుంది. సముద్రం మీద అలా ముందుకు దీపం వేసుకుంటూ ఎవరూ పోరు. అక్కడ దీపం తనను ఇతరులు చూడటానికే. తాను చూడటానికి ఉన్నది కన్నొక్కటే.

ఇదంతా నేను పుస్తకం చదివి నేర్చుకున్నాననుకుంటున్నాడు మా వాడు. పుస్తకం తర్వాత చదివాను. ముందు జరిగింది వేరు.

1978లో, వేట ఎలా ఉంటుందో చూడాలనే సరదాతో ఒక రాత్రి కాకినాడ నుంచి మరపడవలో బయల్దేరాను. అమావాస్య వెళ్ళిన మర్నాడు. సరంగు పెద్దవాడు, తాతా అని పిలిచాను. కేబిన్‌లో ఒక మూల పీట మీద కూచోబెట్టాడు. ఇంజను చప్పుడు తప్ప మాట లేదు, దీపం లేదు. కాసేపటికి నాకూ నక్షత్రాలు ఎక్కువయినట్టు, నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత తేలినట్టు అనిపించింది. సరంగు ముందుకు నేరుగా చూడకుండా తల కాస్త పక్కకు తిప్పి చూస్తున్నాడు. మెడ నొప్పేమో అనుకున్నాను. కంటి నట్టనడుమ దండ కణాలు ఉండవనీ, చీకట్లో మసక వస్తువును ఓరచూపుతో చూస్తేనే దొరుకుతుందనీ అప్పటికి నాకు తెలీదు. ఆయన చదువుకోలేదు గానీ ఆయన మెడకు తెలుసు.

ఆ రోజుల్లో నాకు నశ్యం అలవాటు. డబ్బా చేతిలోంచి జారి కింద పడింది. సంచీలోంచి మూడు బ్యాటరీల టార్చి తీసి వెలిగించాను. వెలుతురు ఎదుటి అద్దానికి తగిలి కేబినంతా తెల్లగా అయిపోయింది.

"లైటార్పండి బాబూ! కళ్ళు పోయినయ్!"

ఆర్పేశాను. నశ్యం డబ్బా దొరికింది కూడా. తర్వాత ఎంతసేపో చెప్పలేను, నిమిషం కూడా అయుండదు, ముందు చీకట్లోంచి కేక. సరంగు చక్రం గిరుక్కున తిప్పాడు. మా పడవ పక్కనుంచి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఒక తెప్ప జారిపోయింది. మీద ఇద్దరు మనుషులు. ఒకడు లేచి నిలబడి తెడ్డు అడ్డం పెట్టాడు. పడవను తెడ్డుతో ఆపగలననుకున్నాడు పాపం. మనుషులు బతికారు. వల మాత్రం మా పడవ కింద పడి తెగిపోయింది.

సరంగు ఇంజను తగ్గించి వెనక్కి తిప్పాడు. తెప్ప మీదవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయన అంతా విని, "నాదే తప్పు అబ్బాయ్, కునుకు పట్టింది" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. టార్చి నా ఒళ్ళోనే ఉంది. అతిథి పరువు కాపాడటానికి ఆ ముసలాయన తన మీద వేసుకున్నది, సరంగు అనేవాడి మీద వెయ్యగల అన్నిటికన్నా పెద్ద నింద. "కాదు, నేనే" అనే రెండు మాటలు నా నోట రాలేదు. ఆ వల ఖరీదెంతో కూడా నేను అడగలేదు.

చాలా ఏళ్ళు నాతో నేను వాదించుకున్నాను. తెప్ప మీద దీపం లేకపోవడం వాళ్ళ తప్పు కాదా? తప్పే. తెడ్డు వేసుకుపోయే చిన్న పడవలో కూడా కనీసం ఒక టార్చి చేతికందేలా ఉండాలనీ, గుద్దుకోకముందే చూపించాలనీ 1972లో చేసుకున్న అంతర్జాతీయ నిబంధనల్లో ఉంది. సముద్రం అందరిదీ కనక నియమమూ అందరిదీ. ఇలా వాదించడానికి నాలో ఒక ప్లీడరు ఎప్పుడూ తయారుగా ఉంటాడు. కానీ అదే నిబంధనల్లో ఇంకో ముక్క కూడా ఉంది. పడవ దీపాలతో పొరబడేలాగానీ, కాపలా చూపుకు అడ్డం వచ్చేలాగానీ మరే దీపమూ వెలిగించకూడదని. ప్లీడరు ఆ పేజీ చదవడు.

నన్ను ఇప్పటికీ పట్టి ఉంచిన ప్రశ్న చట్టానిది కాదు. నేను టార్చి వేసినప్పుడు నాకేం తక్కువయింది? ఏమీ లేదు. నాకు కేబిన్ అంతా ఎంతో బాగా కనిపించింది. పోయిన చూపు సరంగుది. పోబోయిన ప్రాణాలు ఆ ఇద్దరివీ. వెలుతురు అనుభవించేవాడొకడు, దానికి మూల్యం చెల్లించేవాడు ఇంకొకడు, ఆ రెండోవాడు మొదటివాడికి కనిపించను కూడా కనిపించడు. కనిపించకపోవడానికి కారణం కూడా ఆ వెలుతురే! చీకట్లో చేసిన తప్పులకు మనం సిగ్గుపడతాం గానీ, వెలుగులో కూచుని చేసినవి తప్పుల్లాగే అనిపించవు.

ఇంత చెప్పాక మా వాడు చాలా తేలిగ్గా, "అయితే ఎరుపే ఖాయం" అని ఎర్ర మీట నొక్కాడు. గోడంతా ఎర్రగా మండిపోయింది.

అక్కడే మళ్ళీ చిక్కు. ఎర్రదీపమయినా ఇంత జోరుగా వేస్తే కళ్ళు చెడతాయి. రంగుకన్నా వెలుతురు తక్కువగా ఉండటం ముఖ్యం. 1980ల్లో అమెరికా నౌకాదళ పరిశోధకులు కూడా పరీక్షలు చేసి, జలాంతర్గాముల్లో ఎరుపుకన్నా బాగా తగ్గించిన తెల్లదీపమే మేలని చెప్పారు. ఎరుపులో కళ్ళు అలసిపోతాయి, రంగుల గుర్తులు కలిసిపోతాయి. ఎర్రసిరాతో వేసిన గీత ఎర్రదీపం కింద మాయమవుతుంది. నావిక పటాల్లో ఎరుపుకు బదులు ఊదా కలిసిన మెజెంటా రంగు వాడేది అందుకే. ఇంకా ఒకటి, పడవకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపాలుంటాయి. కేబిన్ అద్దాల్లోంచి ఎర్రటి వెలుగు బయటికి పోతే, అవతలివాడు అదేదో ఎడమవైపు అనుకుని చుక్కాని తిప్పుకుంటాడు.

మనకు రంగు మార్చమంటే సరదా. తగ్గించమంటే బాధ. ఎర్ర బల్బు పెట్టేసి, "మేం సరంగు కోసం త్యాగం చేశాం" అనుకుంటూ దాన్ని పెళ్ళిపందిరి స్థాయిలో వెలిగించుకోవడం మన స్వభావం. ఆ మాటకొస్తే, లోపలివాళ్ళ కష్టం కూడా కష్టమే. పదేసి రోజులు ఆ పడవలోనే వండుకు తినే కలాసీలను గుడ్డి వెలుతురులో చేప ముల్లు ఏరుకోమనడం ఏ న్యాయం? ఒకడి కళ్ళ కోసం ఆరుగురు చీకట్లో కూచోవాలా అంటే, ఆ ఆరుగురి ప్రాణాలూ ఆ కళ్ళలోనే ఉన్నాయి కదా అని జవాబు చెప్పొచ్చు. కాని ఆ జవాబు చెప్పేవాడు ఒడ్డున ఫ్యాను కింద కూచున్న నేనయితే అంత బాగుండదు.

"ఇంతకీ మీ సరంగు ఏమన్నాడురా?" అని అడిగాను.

వాడు తెల్లబోయాడు. "అతన్నెందుకు అడగడం మావయ్యా? దీపాల సంగతి కదా!"

వారం తర్వాత ఫోను చేశాడు. సరంగును పిలిచి, పట్టీ, రిమోటు, రంగులన్నీ చూపించాడట. ఆయన ఓపిగ్గా అన్నీ చూసి, "ఏ రంగయినా పెట్టించండి బాబూ. ఆర్పే మీట మాత్రం నా చేతి దగ్గర పెట్టించండి" అన్నాడట.

వంట చేసుకునే చోటుకు తలుపూ తెరా పెట్టించి, లోపల మామూలు తెల్లదీపమే వేయించారు. చక్రం దగ్గర చిన్న ఎర్ర బల్బు ఒకటి, పైన రేకు డిప్ప కప్పి. దాని మీట సరంగు కుడిచేతి కింద ఉంది. పదహారు రంగుల పట్టీ మా ఇంటికే తిరిగొచ్చింది. మా ఆవిడ దాన్ని తులసికోట చుట్టూ కట్టించి, రోజూ సాయంత్రం నీలం వేస్తోంది.