రంగు క్రింది తుప్పు

ధ్యానభాగము: మత్తయి 6:19, 20, యాకోబు 5:3



భూమిమీద కూర్చుకొను ధనమునకు ముగ్గురు శత్రువులున్నారని మన ప్రభువు కొండమీద బోధించెను: చిమ్మెట, తుప్పు, దొంగ. దొంగ వచ్చినయెడల కుక్కయైనను మొరుగును. చిమ్మెట కొట్టిన బట్ట చిల్లుపడి కనబడును. తుప్పు మాత్రము చప్పుడు చేయక, మన కన్నుల యెదుటనే రాత్రింబగళ్లు పని చేయును. మత్తయి సువార్తలోని గ్రీకు మాటకు “తినివేయుట” అని అర్థము. సముద్రపు గాలి తగులు మన గ్రామములలో ఈ సంగతి ఎవరికిని నేర్పనక్కరలేదు. మీ బావి గిలకలు, ట్రాక్టరు తొట్టి రేకులే ఇందుకు సాక్షులు.

గ్రామములు తిరుగుటకు మా సంఘమునకు ఒక పాత కారు కలదు. రెండేండ్ల క్రిందట దాని ఎడమ తలుపు అడుగున రంగు పొక్కులుగా లేచెను. క్రిస్మస్ దగ్గరపడినది, చేతిలో డబ్బు లేదు. నేనే గరుకు కాగితముతో పైపైన రుద్ది, పుట్టీ పెట్టి, రంగు వేసితిని. పండుగనాడు కారు పెండ్లికూతురువలె మెరిసెను. “అయ్యగారు మంచి పనివారే” అని అందరును మెచ్చుకొనిరి. మరుసటి వర్షకాలము గడవకముందే ఆ చోటనే నా బొటనవ్రేలు రేకులోనికి దిగిపోయెను.

టింకరింగు మేస్త్రి తలుపు లోపలి అట్ట విప్పి చూపించెను. వాననీరు కారిపోవుటకు తలుపు అడుగున సన్నని రంధ్రములుండును. అవి ఆకులతోను మట్టితోను పూడిపోయినవి. నీరు లోపల నిలిచి, తుప్పు లోపలినుండి బయటికి వచ్చినది. “అయ్యగారూ, పొక్కు కనబడేసరికి లోపల పని అయిపోయిందండీ. తమరు పుండుమీద చొక్కా తొడిగారు” అని అతడనెను.

ఇనుము నీటితోను గాలిలోని ప్రాణవాయువుతోను కూడి తుప్పగును. ఉప్పు చేరినయెడల మరింత త్వరపడును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక రంగును పైకి నెట్టును. అదియే పొక్కు. అల్యూమినియముమీద ఏర్పడు పొర గట్టిగా అంటుకొని లోహమును కాచును. ఇనుప తుప్పు అట్టిది కాదు. గుల్లగా నుండి తేమను లోనికి రానిచ్చును. కారు రేకు మందము ఒక మిల్లీమీటరుకు లోపే. సగము మిగిల్చిన తుప్పు దానిని తినివేయుటకు ఎంతకాలము పట్టును?

ప్రియులారా, ఆ క్రిస్మస్‌కే నేను ఇంకొక పుట్టీ పని చేసితిని. పొలము గట్టు విషయమై మాటలు మానుకొన్న ఇద్దరు అన్నదమ్ములను పిలిచి, సంగతి వినకుండనే చేయి చేయి కలిపించి, ప్రభువు బల్లయొద్దకు నడిపించితిని. సంఘము సంతోషించెను. వేసవిలో వారి తల్లి ప్రభువునందు నిద్రించినప్పుడు, అన్న పెట్టె పట్టిన చోటికి తమ్ముడు రాలేదు. తప్పు వారిదని ఎట్లు చెప్పుదును? పైన రంగు వేసినవాడను నేనే.

మేస్త్రి చేసిన పనిలో నేను మూడు పాఠములు నేర్చుకొంటిని.

మొదటిది, గీకుట. మెరయు ఇనుము కనబడువరకు 80 నంబరు కాగితముతో రుద్దవలెను. పొక్కు చుట్టునున్న మంచి రంగును కూడ కొంత తీయవలెను, ఏలయనగా తుప్పు దాని క్రిందికి ప్రాకియుండును. చిల్లుపడిన రేకును కోసి క్రొత్త ముక్క అతుకవలెను. చిల్లులో నింపిన పుట్టీ తేమను పీల్చుకొనును. బలిపీఠముయొద్ద అర్పణము విడిచి, ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పినది ఇందుకే. సంగతి అడుగువరకు మాటలాడవలెను. అది నొప్పించును, అయినను గీకక తప్పదు.

రెండవది, వెంటనే కప్పుట. గీకిన రేకును తుడిచి, ఆరబెట్టి, ఆ దినముననే ప్రైమరు వేయవలెను. తీరప్రాంతములో ఒక రాత్రి విడిచినను మరల ఎరుపెక్కును. ఊడ్చి ఖాళీగా విడిచిన యింటికి అపవిత్రాత్మ తిరిగివచ్చిన ఉపమానము (మత్తయి 12) మీకు తెలియును. పగ తీసివేసినచోట ప్రేమ ఉంచుడి. ఒకరి గడప ఒకరు త్రొక్కుడి. శుభ్రపరచిన చోటును కప్పుట ప్రేమ. కుళ్లును కప్పుట వేషధారణ.

మూడవది, కాచుకొనుట. తలుపు రంధ్రములలో సన్నని పుల్ల ఆడించుడి. ఇసుకదారిని తిరిగి వచ్చినప్పుడు కారు అడుగుభాగమును మంచినీటితో కడుగుడి. తడిసిన పట్టాలను ఎండబెట్టుడి. రాయి తగిలి రంగు పోయిన చోట ఆ వారమే చుక్క రంగు పెట్టుడి. కోపము నిలిచియుండగా సూర్యుడు అస్తమింపకూడదని పౌలు చెప్పినదియు ఇట్టి పనియే. నిలువ నీరు ఏ పాత్రలోను మేలు చేయదు.

యాకోబు ధనమునకు పట్టిన తుప్పునుగూర్చి వ్రాసిన గ్రీకు మాటయే, మూడవ అధ్యాయములో నాలుకయందలి విషమునకు వాడబడినది. ఇనుమును తినునది తుప్పు, సంఘమును తినునది ఆ విషము.

ఒక మాట చెప్పి ముగింతును. మన యిండ్లపై వేయు రేకులకు జింకు పూత యుండును. ఈ పద్ధతికి ఫ్రాన్సు దేశములో సోరెల్ అను ఆయన 1837లో పేటెంటు పొందెను. నేడు అనేకమైన కార్ల రేకులకును ఈ పూత కలదు. గీత పడి ఇనుము బయటపడినను, ప్రక్కనున్న జింకు తానే ముందుగా క్షయమై దానిని కాపాడును. దీనిని వినినప్పుడు నాకు సిలువ జ్ఞాపకము వచ్చెను.

కారు తలుపు ఇప్పుడు గట్టిగా నున్నది. ఆ అన్నదమ్ములు గత నెలలో నా యింటి అరుగుమీద రెండు గంటలు కూర్చుండిరి. కేకలు వేసిరి, ఏడ్చిరి, ఇంకను ముగియలేదు. గీకుట ఆరంభమైనది. వారికొరకును, తొందరపడి రంగు వేయకుండునట్లు నాకొరకును ప్రార్థించుడి. ఆమేన్.