ఒక గోడ ఖరీదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు అమ్మి చూడమని మనవాళ్ళెవరూ అనలేదు. అమ్మడం అంత సులువనుకున్నారో, అసలు అమ్ముకునే గతి ఎవరికీ పట్టకూడదని ఆ మాట ఎత్తలేదో! ఇప్పుడు అమ్మకం కూడా ఒక విద్య అయి కూర్చుంది. ఇన్ని పడకగదులు, ఇన్ని స్నానాలగదులు, కారు పెట్టుకునే చోటు, తూర్పు ముఖం, నీళ్ళకి లోటు లేదు - ఇంతవరకూ ప్రకటన నాకు బాగానే అర్థమవుతుంది. పెద్ద నగరాల్లో బాగా ఖరీదైన ఇళ్ళకి మాత్రం ఇంకో మాట తగిలిస్తారు, 'ఫలానా ఆర్కిటెక్టు గీసిన ఇల్లు' అని. తాను చివర మిల్లు ముద్రలాగ.

ఆ మాట కనిపించినప్పుడల్లా నాకొక సందేహం. ఇంతకీ ఇల్లు ఎవరిది? గీసినవాడిదా, కట్టించుకున్నవాళ్ళదా, కొనుక్కున్నవాళ్ళదా, పొద్దున్నే లేచి అందులో పాలు కాచేవాళ్ళదా? రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరి పేరుంటే వాళ్ళదే లెండి, ఆ సంగతి నాకూ తెలుసు. నేనడిగేది కాగితం మాట కాదు. ఎవరి ఇష్టం ఆ గోడల మీద చెల్లుతుందీ అని.

న్యూయార్క్ నగరంలో, మన్‌హాటన్ తూర్పు భాగాన 52వ వీధిలో ఒక ఇల్లుంది. అది రెండుసార్లు వేలంపాటకి వచ్చింది. 1989లో 35 లక్షల డాలర్లు పలికింది; 2000లో కోటీ 11 లక్షల డాలర్ల పైచిలుకు. ఎంత మహలో అనుకునేరు! 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు స్థలం. వీధివైపు కింద ఇటుక గోడ, పైన ఉక్కు, అద్దాలు. తలుపు తీసుకుని లోపలికి వెడితే ఒక పెద్ద గది. ఆ గది చివర గోడకి బదులు నిలువెత్తు అద్దం. అద్దం అవతల ఆకాశం కనిపించే చిన్న నీళ్ళ కొలను. కొలనులో అడుగు వేయడానికి రాళ్ళు. ఆ రాళ్ళమీదుగా దాటితే అటువైపు పడకగది. వాన పడుతున్న రాత్రి నిద్ర ముంచుకొస్తే ఏం చేస్తారండీ? గొడుగు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాలి కాబోలు. మంచినీళ్ళ చెంబు మరచిపోతే మళ్ళీ ఇటు రావాలి. గీసినవాడు జీవితంలో ఎన్నడూ చెంబు అందించి వుండడని మీరూ నేనూ ప్రమాణం చేసి చెప్పొచ్చు.

గీసినాయన ఫిలిప్ జాన్సన్. చాలా పేరున్న ఆర్కిటెక్టు. ఆ ఊళ్ళోనే వున్న ఆధునిక కళా మ్యూజియంలో వాస్తుశాఖ చూసేవాడు. 1950లో ఈ ఇల్లు పూర్తయింది. కట్టించినామె బ్లాంచెట్ రాక్‌ఫెల్లర్. ఆ రాక్‌ఫెల్లర్లేనా అంటే ఆ రాక్‌ఫెల్లర్లే, కిరసనాయిలు కోటీశ్వరుల ఇంటి పెద్ద కోడలు. ఆవిడకి వుండడానికి ఇల్లు లేక కాదు. దానికి కొద్ది వీధుల దూరంలోనే పెద్ద నివాసం వుంది. మరి ఇంకొకటి ఎందుకయ్యా అంటే, ఆవిడకి కొత్తరకం చిత్రాలూ శిల్పాలూ అంటే ప్రాణం. భర్తకి అవి గిట్టవు. ఇంట్లో పెట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు. అందుకని బొమ్మలు పెట్టుకోవడానికీ, వాటిని ఇష్టపడే నలుగుర్నీ పిలిచి మర్యాద చేయడానికీ ఆవిడ వేరే ఇల్లు కట్టించుకుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన అరసికుడేమీ కాడు. ఆసియా దేశాల ప్రాచీన శిల్పాలంటే ఆయనకి మక్కువ. ఆసియా సొసైటీ అని ఒక సంస్థని 1956లో పెట్టింది ఆయనే. మన చోళుల నాటి కంచు విగ్రహాలు కూడా ఆ సేకరణలో వున్నాయి. అంటే ఒక ఇంట్లో ఇద్దరు రసికులన్నమాట. చిక్కంతా అక్కడే వచ్చింది. రుచి లేనివాడితో కాపురం సులువు, మన రుచికి అడ్డు రాడు. రుచి వున్నవాళ్ళు ఇద్దరుంటే గోడలు చాలవు.

ఇంకా విచిత్రం, ఆవిడ అత్తగారిదీ ఇదే కథ. ఆబీ రాక్‌ఫెల్లర్ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి 1929లో ఆ ఆధునిక కళా మ్యూజియాన్నే స్థాపించిన మనిషి. భర్తకి కొత్త బొమ్మలంటే ఒళ్ళుమంట. ఆయన మోజు చైనా పింగాణీ మీద. తొమ్మిదంతస్తుల ఇంటి యజమానురాలు తనకిష్టమైన బొమ్మల్ని పై అంతస్తులో, ఎవరి కంటా పడకుండా పెట్టుకుని, తన వాళ్ళని అక్కడికే తీసుకువెళ్ళి చూపించేదట. అత్త మేడెక్కింది, కోడలు వీధి దాటింది. మన ఇళ్ళల్లో అయితే ఇదే సంగతి బీరువాలో చీరల అడుగుకి చేరుతుంది, లేకపోతే అటకెక్కుతుంది. పెళ్ళికి ముందు గీసిన నీటిరంగుల బొమ్మ, 'హాల్లో బాగుండదులే' అన్న ఒక్క మాటతో ఎన్ని ఇళ్ళల్లో మడతపడి వుందో లెక్కెవరు చూశారు?

ఇక్కడే నాకు అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఆవిడ చేసింది సర్దుబాటా, లొంగుబాటా?

భర్త మనసు నొప్పించకుండా తన ఇష్టాన్ని దక్కించుకుంది, ఎంత తెలివైన ఇల్లాలు అని మెచ్చుకోవచ్చు. నిజమే కూడాను. కానీ ఆ మెప్పు నాకు పూర్తిగా మింగుడు పడదు. కాపురం వుండే ఇంట్లో ఒక్క గోడ అడగడం కన్నా ఊరి నడిబొడ్డున కొత్త ఇల్లు కట్టడమే తేలికైందంటే, ఆ ఒక్క గోడ ఖరీదు ఎంతో ఆలోచించండి. అది ఇవ్వడానికి ఆయనకి దమ్మిడీ ఖర్చు కాదు. నచ్చని బొమ్మని రోజూ చూడాల్సి రావడం, అంతే. ఆ 'అంతే' మనం ఎన్నిటి విషయంలో చేయడం లేదు! మనకి నచ్చని క్యాలెండరు, మామగారి నిలువెత్తు ఫోటో, ఆడపడుచు ఇచ్చిన ప్లాస్టిక్ పూలు - అన్నిటికీ గోడలో చోటిచ్చి, ఏడాదికోసారి దుమ్ము కూడా దులుపుతాం. నచ్చనిదాన్ని కళ్ళెదుట వుండనివ్వడం ప్రేమలో ఒక భాగమని నేననుకుంటాను. అది ఒకవైపునుంచే జరుగుతూ వుంటే దానికి ప్రేమ అని కాక అలవాటు అని పేరు పెట్టాలి.

అలా అని ఆ చిన్న ఇంటిని తీసిపారేయడానికీ మనసొప్పదు. నేను వెక్కిరించిన ఆ కొలను రాళ్ళే ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తున్నాయి. సంసారానికి పనికిరాని ఇల్లు అది. నిజమే, సంసారం కోసం కట్టింది కాదుగా! వంటలెక్కా చాకలిపద్దూ లేని చోటు ఒక ఆడమనిషికి వుండడం అనేది మనకి ఊహకి కూడా కొత్త. రోజంతా వుండక్కర్లేదు, అలాంటి చోటు వుందని తెలిస్తే చాలు, మిగతా ఇల్లు కాస్త తేలికవుతుంది.

కానీ దాని పేరు చూడండి. నేటికీ పుస్తకాల్లోనూ రికార్డుల్లోనూ దాన్ని 'రాక్‌ఫెల్లర్ అతిథి గృహం' అంటారు. మొదటిది అత్తవారి ఇంటిపేరు. రెండోది అతిథి. ఆవిడ పేరు ఎక్కడా లేదు. అతిథులకోసం అన్నది నెపం కదా, అందులో తన ఇష్టంతో తాను వుండగలిగిన మనిషి ఆవిడే. తన ఇంటికే అతిథి!

ఆ ఇంటిని ఆవిడ ఎక్కువ కాలం వుంచుకోలేదు కూడా. కొన్నేళ్ళకే మ్యూజియానికి ఇచ్చేసింది. తర్వాత అది చేతులు మారింది. 1971 నుంచి 1979 దాకా అందులో అద్దెకున్నది ఎవరనుకున్నారు? ఫిలిప్ జాన్సనే! తాను గీసిన గోడలకి తానే అద్దె కట్టుకుంటూ, తాను వేసిన రాళ్ళమీద తానే నడుచుకుంటూ పడకగదికి వెళ్ళాడు. వానలో తడిశాడో లేదో గానీ, న్యాయం ఒక్కోసారి ఎంత ముచ్చటగా జరుగుతుందో అనిపించింది నాకు. 2000లో నగరం వారు దాన్ని కాపాడవలసిన కట్టడాల జాబితాలో చేర్చారు. ఇక కోటి డాలర్లు పోసినవాళ్ళు కూడా అనుమతి లేకుండా వీధివైపు ముఖం మార్చడానికి లేదు. నా మొదటి సందేహానికి అక్కడివాళ్ళ జవాబు అది: గీసినవాడి ఇష్టమే చెల్లుతుంది, కొన్నవాడు కాపలాదారు.

ఇది ఒక్క ఇంటి తీరే కాదు. అదే నగరంలో 63వ వీధిలో పాల్ రుడాల్ఫ్ గీసిన ఇంకో ఇల్లు 2019లో కోటీ 80 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. 1974లో దాన్ని కొనుక్కున్న హాల్‌స్టన్ అనే దుస్తుల డిజైనరు పేరే దానికి నిలిచిపోయింది. ఈసారి కొన్నది కూడా ఆ వృత్తిలోవాడే, టామ్ ఫోర్డ్. మొదట కట్టించుకున్నవాళ్ళ ఊసు ఎవరికీ పట్టదు. పేరుకీ ధరకీ ఉన్న చుట్టరికం అది.

అత్తగారి తొమ్మిదంతస్తుల ఇల్లు 1938లోనే పడగొట్టేశారు. ఆ స్థలం మ్యూజియానికి వెళ్ళింది. 1953లో అక్కడ శిల్పాల తోట వేశారు. దాన్ని గీసింది కూడా ఫిలిప్ జాన్సనే. దానికి మాత్రం ఆవిడ పేరు పెట్టారు, ఆబీ అని పూర్తిగా. భర్త ససేమిరా అన్న కాలపు శిల్పాలు ఇప్పుడు ఆయన ఇల్లున్న నేలమీదే ఎండకీ వానకీ నిలబడి వుంటాయి. అలసిపోయినవాళ్ళు కూర్చోవడానికి అక్కడ కుర్చీలు కూడా వేశారు.