ఎవరి కాలికో చేసిన జత

బాస్కెట్‌బాల్ షూస్ గురించి నాకు అవసరానికి మించి తెలుసు. అడుగు రబ్బరును గోటితో నొక్కి, సిమెంటు మీద అది ఆగుతుందో లేదో చెప్పేస్తాను. మడమ పక్కన ఫోమ్ మీద పడిన ముడతలు చూసి, అందులో ఇంకా ప్రాణం ఉందో లేదో పోల్చుకుంటాను. సెలవు రోజుల్లో విశాఖలో ఒక కాలనీ కోర్టులో, సగం మంది రొప్పుతూ ఆడే ఆటకి ఇంత విద్య అక్కర్లేదు. అయినా ఇంత తెలిసినవాడు తనకు సరిపడే జత కొనుక్కుంటాడని ఎవరైనా అనుకుంటారు. నేను కొనను. నా తెలివి చేసే పని వేరే ఉంది. కోరిక ముందే తీర్పు రాసేసుకుంటుంది. తెలివి దాని వెనక కూర్చుని, పెద్ద ప్లీడరు దగ్గర జూనియర్‌లా, కావలసిన కాగితాలు తయారు చేసి అందిస్తుంది.

రబ్బరు సంగతే చూడండి. టైర్లు నల్లగా ఉండేది అందులో కలిపే కార్బన్ బ్లాక్ వల్ల. రబ్బరు త్వరగా అరగకుండా కాపాడేది ఆ నలుపే. కొత్త షూస్‌లో చాలావాటికి అడుగున గాజులా మెరిసే, లోపలి రంగు కనిపించే రబ్బరు వేస్తారు. అందులో ఆ నలుపు ఉండదు. పైగా మెత్తన. శుభ్రంగా తుడిచిన మేపుల్ చెక్క మీద అది భలేగా పట్టుకుంటుంది, అమెరికా ఎన్‌బీఏ ఆటల్లో వినిపించే ఆ కీచు శబ్దం చేస్తుంది. మా కోర్టు సిమెంటుది. ఎప్పుడూ దుమ్మూ, బీచ్ వైపు నుంచి కొట్టుకొచ్చిన ఇసుకా. మెత్తటి రబ్బరు దుమ్మును తనలోకి లాగేసుకుంటుంది. గాడులు పూడుకుపోతాయి, కాలు జారుతుంది, అరచేత్తో అడుగు తుడుచుకుని మళ్ళీ ఆడాలి. ఇంతలో సిమెంటు బొటనవేలి కింద ఉన్న గాడులన్నిటినీ నున్నగా గీకేస్తుంది. ఇదంతా తెలుసు. తెలిసే ఆ గాజు రబ్బరు జతే కొంటాను. జూనియర్ కాగితం అందిస్తాడు: ‘మెత్తటి రబ్బరుకే పట్టు ఎక్కువ.’ మాట నిజమే. చెక్క అన్న ముక్క మాత్రం వదిలేస్తాడు.

పాదం కొలత దగ్గర నా వకాల్తా ఇంకా గడుసుది. నాది ముందు భాగం వెడల్పుగా, వేళ్ళు విచ్చుకున్నట్టు ఉండే పాదం. మన దేశంలో ఇది అరుదేమీ కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ లక్షమందికి పైగా భారతీయుల పాదాలను కొలిపించి, మన పాదాలు మొత్తమ్మీద వెడల్పెక్కువ అని తేల్చింది. ‘భ’ అనే పేరుతో మనకంటూ ఒక సైజుల పద్ధతినీ ప్రతిపాదించింది. ఇప్పటికీ మనం వాడేది బ్రిటిష్ సైజులే. అందులో ఒక సైజుకీ తరువాతి సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే పాతకాలపు లెక్కలో ఒక బార్లీ గింజ పొడవు. ఆ అంకె పొడవు చెబుతుంది, వెడల్పు చెప్పదు. వెడల్పు చాలక ఒక సైజు పెంచితే ముందు ఖాళీ మిగులుతుంది, పరుగాపినప్పుడల్లా పాదం లోపల ముందుకు జారి గోళ్ళు నల్లబడతాయి. పెంచకపోతే చిటికెన వేలు నలుగుతుంది. నేను నలిగేదే కొంటాను. ఆటగాళ్ళు లాక్‌డౌన్ అంటారు, పాదం షూలో ఇటూ అటూ కదలకూడదని. అది మడమకీ నడిపాదానికీ సంబంధించిన మాట. దాన్ని తెచ్చి వేళ్ళకి తగిలించింది నేనే.

‘వాడగా వాడగా సాగుతుందిలే’ అనేది తోలు కాలం నాటి ఓదార్పు. 1969లో అడిడాస్ సూపర్‌స్టార్ వచ్చేదాకా ఆటగాళ్ళ కాళ్ళకి ఎక్కువగా ఉండేది కన్వర్స్ వాళ్ళ గుడ్డ షూసే. తోలు వచ్చాక, కొత్తలో కరిచినా కొన్నాళ్ళకి కాలికి లొంగేది. 2008లో నైకీ హైపర్‌డంక్ వచ్చింది, పైభాగాన్ని సన్నటి దారాలతో బిగించి బరువు తగ్గించారు. 2014లో ఎన్‌బీఏ ఆటగాడు కోబీ బ్రయంట్ పేరుతో వచ్చిన తొమ్మిదో మోడల్‌కి మేజోడులా అల్లిన పైభాగం పెట్టారు. ఇప్పుడు చాలా జతలకి జాలీ గుడ్డా, దాని మీద వేడితో అతికించిన ప్లాస్టిక్ పొరా. అల్లిక సాగుతుంది, ఆ పొర సాగదు. దుకాణంలో ఎలా ఉందో, చివరిదాకా ఇంచుమించు అలాగే ఉంటుంది. అయినా ట్రయల్ వేసుకుంటూ, వేలు నొక్కుతుంటే, మా నాన్న తన తోలు బూట్ల గురించి అన్న మాటే నేనూ అనుకుంటాను.

ఇక చీలమండ. 1993లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. కాలేజీల్లో సరదాకి ఆడే 622 మందిని విభజించి, కొందరికి చీలమండను కప్పే షూస్, కొందరికి పొట్టివి ఇచ్చి రెండు నెలలు చూశారు. బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కోబీ తన నాలుగో మోడల్‌ని చీలమండ కిందికి దింపించాక నాకు పొట్టి షూస్ మీద మోజు పుట్టింది. అప్పుడు అందరికీ ఈ అధ్యయనం వినిపించాను: ఎత్తువి వేసుకుంటే ఒరిగేదేం లేదు. తరువాత ఇంకో ఎత్తు జత కంటపడింది. మళ్ళీ అదే అధ్యయనం: పొట్టివాటి వల్ల ఒరిగేదీ లేదు కదా. ఒకే సాక్షిని రెండు పక్షాల తరఫునా బోనెక్కించాను, పాపం వాడు రెండుసార్లూ నిజమే చెప్పాడు.

పేరున్న ఆటగాడి షూ అంటే అతని కోసం చేసినదనే కదా నమ్మకం. 2019 ఫిబ్రవరి 20న అమెరికా కాలేజీ జట్లు డ్యూక్, నార్త్ కరోలినాల ఆట మొదలై నిమిషం గడవకముందే డ్యూక్ ఆటగాడు జయన్ విలియమ్‌సన్ ఎడమ షూ బద్దలైంది. ఒక్కసారి తిరగబోయేసరికి అంచు చిరిగి పాదం బయటికొచ్చేసింది. మోకాలు బెణికి, కొన్ని వారాలు ఆడలేకపోయాడు. అతని బరువు దాదాపు 129 కిలోలు. ఆ షూ ఎన్‌బీఏ ఆటగాడు పాల్ జార్జ్ పేరుతో వచ్చిన మోడల్; జార్జ్ బరువు వంద కిలోల దరిదాపు. తరువాత జయన్ కోసం ప్రత్యేకంగా గట్టిపరచిన జత చేసి ఇచ్చారు. ఆ వీడియో చూసినప్పుడు నాకు జాలి కన్నా ముందు ఊరట కలిగింది, సిగ్గుపడాల్సిన ఊరట: అంతటివాడు కూడా ఎవరి కాలికో చేసిన జతే వేసుకున్నాడు. నా బరువు జార్జ్ కన్నా చాలా తక్కువ, నా ఎగరడం గురించి చెప్పుకోకపోవడం మంచిది. నాకోసం ఎవరూ ఏదీ గట్టిపరచరు.

ఎందుకు కొంటున్నానంటే, చిన్నప్పుడు లేక అని చెప్పుకోవచ్చు. విన్నవాళ్ళు మెత్తబడతారు కూడా. కానీ మా నాన్న కొనిచ్చేవాడు. మంచివే కొనిచ్చేవాడు. అసలు సంగతి నాకు తోచినంతలో ఇది: కొత్త జత వేసుకుని కోర్టులోకి దిగిన మొదటి కాసేపు, నన్ను నేను గట్టు మీద కూర్చుని చూసుకుంటాను. కింద ఆడుతున్నవాడు బాగుంటాడు. వాడికి పొట్ట ఉండదు. కాసేపటికి చిటికెన వేలు నలగడం మొదలవుతుంది, గట్టు మీదవాడు దిగొచ్చి నా ఒంట్లో దూరతాడు. అక్కడి నుంచి ఆడేది నేనే, ఆ ఆట ఏమంత బాగుండదు. ఆ కాసేపటి కోసమే ఇంత సొమ్ము పోస్తున్నాను. ఖరీదెక్కువే, కానీ దొరికేది మాత్రం బొత్తిగా అబద్ధమనలేను.

దాచుకుందామన్నా కుదరదు. అడుగు ఫోమ్ చాలావాటిలో ఈవీఏ. లోపలి సన్నటి గాలి బుడగలు తొక్కుడుకి అణిగి అణిగి, కొన్నాళ్ళకి తిరిగి లేవవు. పైన కొత్తగానే కనిపిస్తుంది. పాత మోడళ్ళలో వాడిన పాలీయురేతేన్ అంత తేలిగ్గా అణగదు గానీ, దానికి తేమ పడదు. గాల్లోని తడే దాన్ని లోపలి నుంచి విరగ్గొడుతుంది. పెట్టెలో పెట్టి ఏళ్ళ తరబడి దాచిన జత, బయటికి తీసి నాలుగడుగులు వేసేసరికి పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోవచ్చు. విశాఖ గాలిలో తేమకి కొదవా? నా బీరువాలో అలాంటిది ఒకటుంది. ‘వేసుకోకుండానే పాడైపోయేదాన్ని కొనడమెందుకు?’ అంది మా ఆవిడ. సిలికా జెల్ పొట్లాలు పెట్టాను కదా అన్నాను. ఆవిడ అడిగింది అది కాదని నాకూ తెలుసు.

మొన్నామధ్య మా కోర్టుకి వచ్చే ఇంటర్ కుర్రాడొకడు, ‘అంకుల్, షూస్ కొనుక్కుంటున్నానండి, ఏవి తీసుకోమంటారు?’ అని అడిగాడు. గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. సాయంత్రం పూట వెళ్ళరా, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆడేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకెళ్ళు. నిలబడితే వేళ్ళ ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, పక్కల నొక్కకూడదు. వంచి చూడు, వేళ్ళ మొదట్లో వంగాలి గానీ నడుమ కాదు. అడుగున రబ్బరు గట్టిగా, గాడులు లోతుగా ఉండాలి. ముందు అంచు దగ్గర రబ్బరు పైకెక్కి ఉంటే ఇంకా మంచిది. ఆటగాడి పేరు చూడకు. చెబుతుంటే నా గొంతు నాకే నచ్చింది. అందులో ఒక్కటీ నేను పాటించను, ఒక్కటీ తప్పు కాదు. వాడు శ్రద్ధగా విని, రెండు ముక్కలు ఫోన్లో రాసుకున్నాడు కూడా.

తరువాతి ఆదివారం కొత్త జతతో వచ్చాడు. పైన ఆటగాడి సంతకం. కింద నీలంగా మెరుస్తున్న గాజు రబ్బరు. నా మొహం చూసి, ‘అవి కూడా చూశానండి, ఇవి బాగున్నాయని...’ అని నసిగాడు. కోపం రాలేదు. మా ఇద్దరి సైజూ ఒకటే. ‘ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు,’ అన్నాను. విప్పి ఇచ్చాడు. లేసులు బిగించి కోర్టుకి అడ్డంగా నడిచాను, బోర్డు కింద రెండుసార్లు ఎగిరాను. చిటికెన వేలు దగ్గర బాగా బిగుతు.

‘ఎంతకొచ్చాయిరా?’ అని అడిగాను.