గోడకు ఆవలి పొరుగువారు

దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధనను గురించి, తల్లిదండ్రులను, బంధువులను, అనాథలను, నిరుపేదలను గురించి ఆదేశించిన వెంటనే పొరుగువారిని ప్రస్తావించాడు. బంధువైన పొరుగువాడు, పరాయివాడైన పొరుగువాడు, పక్కనుండే సహచరుడు - ముగ్గురినీ వేరువేరుగా పేర్కొన్నాడు. ఈ ఆయతును మనం ఎన్నోసార్లు విన్నాము. మన గల్లీని ఎదురుగా పెట్టుకుని విన్నది మాత్రం తక్కువ.

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ, లాల్‌దర్వాజా వైపు గల్లీలను తీసుకోండి. ఒకే గోడకు ఇటు ముస్లిం కుటుంబం, అటు హిందూ కుటుంబం. ఒకరి వాకిలి కడిగిన నీళ్ళు మరొకరి గుమ్మం ముందు నుంచే మోరీలోకి పోవాలి. ఇటు మిరపకాయ తాలింపు పెడితే అటు తుమ్ములు వినిపిస్తాయి. ఆషాఢంలో బోనాలు, ముహర్రంలో దబీర్‌పురా నుంచి బీబీకా ఆలం ఊరేగింపు, ఆపైన వినాయక చవితి. 1591లో పునాదులు పడిన ఈ నగరానికి ఇది కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. కొమ్మ మీదికి చేయి అందించేటప్పుడు ఎవరూ మతం అడిగి ఉండరు.

అయితే ఇవి తలచుకుని మురిసిపోవడానికి మేము ఈ ప్రస్తావన తేలేదు. కర్ఫ్యూ రోజులు కూడా పాతబస్తీ వారికి తెలుసు. 1990 డిసెంబరు అల్లర్ల భయం ఎన్నో గడపలను ఖాళీ చేయించింది. ఇటువారు అటు, అటువారు ఇటు తరలిపోయారు. మిగిలినవారి మధ్య పలకరింపు ఉంది గాని రాకపోకలు తగ్గాయి. కనుక పొరుగు హక్కు అనేది మనకు పుస్తకంలోని పాఠం కాదు, రోజూ ఎదురయ్యే పరీక్ష.

జిబ్రీల్ (అలైహిస్సలాం) పొరుగువారి గురించి ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, వారిని ఆస్తిలో వారసులుగా కూడా చేస్తారేమోనని తమకు అనిపించినట్లు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దీనిని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఎలా అర్థం చేసుకున్నారో చూడండి. వారి ఇంట్లో మేకను కోశారు. వారు ఇంటికి రాగానే, మన యూదు పొరుగువారికి పంపారా అని అడిగారు, మళ్ళీ అడిగారు. ఆ తరువాతే ఈ హదీసును వినిపించారు. తిర్మిజీ, అబూ దావూద్‌లలో నమోదైన ఈ సంఘటన తెలిసిన తరువాత కూడా 'పొరుగువాడంటే ముస్లిం పొరుగువాడే' అనేవారికి మేము చెప్పగలిగేది ఏమీ లేదు.

ఎవరి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతడు విశ్వాసి కాడని దైవప్రవక్త (స) మూడుసార్లు అల్లాహ్ మీద ప్రమాణం చేసి చెప్పారు. కీడు అనగానే కత్తి, కర్ర గుర్తుకు వస్తాయి. మన గల్లీలో దాని రూపం వేరు. జుమా రోజు ఆలస్యంగా వచ్చి, ఖుత్బా తప్పిపోతుందన్న తొందరలో పక్కింటి గేటుకు అడ్డంగా బండి పెట్టేస్తాము. ఆ ఇంట్లో ముసలాయనను ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే? మనం లోపల సజ్దాలో ఉంటాము, ఆయన కొడుకు బయట ఎవరి బండి, ఎవరి బండి అని అరుస్తూ ఉంటాడు. బక్రీద్ నాడు ఖుర్బానీ ఇస్తాము, అది ఇబాదత్. పేగులు, వ్యర్థాలు మూటగట్టి మునిసిపాలిటీ బండికి ఇవ్వకుండా గల్లీ మలుపులో పడేయడం ఏ ఇబాదత్? దారిలో నుంచి బాధించే వస్తువును తొలగించడం విశ్వాస శాఖల్లో ఒకటి అయినప్పుడు, దానిని తెచ్చి పడేయడాన్ని ఏమనాలో పాఠకులే చెప్పాలి.

రమజాన్‌లో సహరీకి లేపడం మరొకటి. అజాన్ వేరు, ఇస్లాం చిహ్నం. కాని తెల్లవారుజామున మూడు గంటల నుంచి మైకులో నిమిష నిమిషానికీ ప్రకటనలు, నాతులు దేనికి? ప్రతి జేబులో అలారం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. చట్టం మాట అటుంచండి. మస్జిద్‌లో ఉన్నవారు బిగ్గరగా ఖుర్ఆన్ చదువుతుంటే, ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోవద్దని ఏతికాఫ్‌లో ఉన్న దైవప్రవక్త (స) తెర తొలగించి మరీ వారించారు. ఖుర్ఆన్ పారాయణం విషయంలోనే ఇలా ఉంటే, పక్కింటి పసిపాప నిద్ర చెడగొట్టే మైకుకు అనుమతి ఎక్కడిది? అవతలివారి డీజే సంగతేమిటని కొందరు అడుగుతారు. వారి లెక్క వారిది. మన లెక్క మనల్ని అడుగుతారు.

హద్దుల విషయమూ స్పష్టంగా ఉండాలి. విగ్రహానికి నైవేద్యం పెట్టిన ప్రసాదం మనం తినము. పూజలో పాల్గొనము. ఇది తౌహీద్‌కు సంబంధించిన సంగతి, మొహమాటానికి తావు లేదు. కాని 'వదినమ్మా, ఇది మేము తినకూడదు, ఏమనుకోకండి' అని నవ్వుతూ చెప్పడం ఒక పద్ధతి, గిన్నె చూడగానే ముఖం తిప్పుకోవడం మరో పద్ధతి. పిల్లలు మన నోటినే నేర్చుకుంటారు. నైవేద్యంతో సంబంధం లేని పండ్లు, మిఠాయిలు కానుకగా ఇస్తే తీసుకోవచ్చు, తిరిగి మన ఇంటి నుంచీ పంపాలి. దైవప్రవక్త (స) ముష్రిక్కుల కానుకలు స్వీకరించారు. తమకు సేవ చేసిన యూదు బాలుడు జబ్బుపడితే చూడటానికి వెళ్ళారు. ఒక యూదుని జనాజా పోతుంటే లేచి నిలబడ్డారు. అతడు యూదుడని అనుచరులు గుర్తు చేస్తే, అదీ ఒక ప్రాణమే కదా అన్న భావంతో బదులిచ్చారు.

ఈ మధ్య కొందరు సోదరులు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న: 'ఇల్లు అమ్మేసి, అందరూ మనవాళ్ళే ఉన్న కాలనీకి పోతే పిల్లల తర్బియత్‌కు మంచిది కాదా?' ప్రాణభయం ఉన్నవారిని, ఇరుకైపోయినవారిని మేము ఆపము. ఇల్లు మారడం హరామ్ కాదు. కాని డప్పుల మోతకు చెడిపోయే తర్బియత్ అయితే ఆ కాలనీలో టీవీ, ఫోను దానిని వదులుతాయా? పైగా ఇస్లాం అంటే ఏమిటో ఆ గల్లీవారు ఏ పుస్తకంలోనూ చదవలేదు. మన ఇంటిని చూసే తెలుసుకున్నారు. మనం పోతే వారికి మిగిలేది వార్తల్లోని ముస్లిమే.

అమ్మక తప్పదంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. హజ్రత్ అబూ రాఫె (రజి) తన ఇంటికి బయట ఎక్కువ ధర వస్తున్నా, పొరుగువాడి హక్కు గురించి దైవప్రవక్త (స) చెప్పిన మాట విని ఉన్నందున హజ్రత్ సఅద్ (రజి)కి తక్కువకే ఇచ్చారు. హనఫీ ఫిఖహ్‌లో దీనినే షుఫా అంటారు. ముస్లిమేతర పొరుగువాడికీ ఈ హక్కు సమానమేనని హిదాయాలో ఉంది. కేవలం పొరుగువాడన్న కారణంతో వచ్చే షుఫా మన రాజ్యాంగం ప్రకారం చెల్లదని సుప్రీంకోర్టు 1962లో తీర్పు ఇచ్చింది కనుక కోర్టులో మనల్ని ఎవరూ నిలదీయరు. అయినా బ్రోకర్‌కు ఫోన్ చేసే ముందు గోడ అవతలి ఇంటి తలుపు తట్టండి. అమ్ముతున్నామని ఆ ఇంటివారికే మొదట చెప్పండి. కొంటారా అని అడగండి.