గ్రహణము – రెండు ప్రమాణములు

గ్రహణదినమున దేవాలయముల తలుపులు మూయబడును. మోక్షానంతరము శుద్ధియు పుణ్యాహవాచనమును జరిగిన పిమ్మటనే భక్తులకు దర్శనము లభించును. గృహములలో పెద్దలు పట్టుస్నానము చేసి జపమునకు కూర్చుందురు. విడుపుస్నానము చేసి లేతురు. చంద్రునిపై పడునది భూమి నీడయే యని పాఠశాలలో చదివిన పిల్లలు, నీడకు స్నానమేల యని అడుగుదురు. ఈ ప్రశ్నకు కొందరు కోపింతురు, కొందరు మౌనము వహింతురు. ఈ రెండును సమాధానములు కానేరవు.

ఈ ప్రశ్న పాశ్చాత్యవిద్యతో వచ్చినది కాదు. చంద్రుడు సూర్యుని, భూచ్ఛాయ చంద్రుని కప్పుటయే గ్రహణమని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయము తెలిపినది. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడును రాహువు కారణము కాదనెను. 628లో బ్రహ్మగుప్తుడు గ్రహణగణితమును ఛాయను బట్టియే చేసియు, రాహువును కాదనుట స్మృతివిరుద్ధమని పూర్వులను ఆక్షేపించెను. అంతటి గణితవేత్త తెలిసిన సత్యమును లోకమునకు వెరచి మరుగుపరచెనేమో యని పదునొకండవ శతాబ్దమున అల్ బిరూనీ శంకించెను. శాస్త్రగౌరవమును నిలుపుటకు సత్యమును దాచవలెనా? అసలు ధర్మసందేహమిదియే.

దాచనక్కరలేదని ఆచరణచే చూపినవారును మన సంప్రదాయమున కలరు. కేరళదేశీయుడగు పరమేశ్వరుడు దశాబ్దములపాటు గ్రహణములను కన్నులార పరిశీలించి, పూర్వగణితమున కనబడిన భేదమును సవరించి, 1431లో దృగ్గణితమను గ్రంథమును రచించెను. పందొమ్మిదవ శతాబ్దమున చింతామణి రఘునాథాచార్యులు మద్రాసు నక్షత్రశాలలో పనిచేయుచు 1867లో ఒక చరకాంతి నక్షత్రమును కనుగొనెను. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును తెలంగాణమునందలి వనపర్తి నుండి పరిశీలించెను. ఆయనయే దృగ్గణితానుసారముగ పంచాంగమును ప్రకటించెను. దూరదర్శినిని పట్టిన చేతితోనే పంచాంగమును వ్రాయుటలో ఆయనకు విరోధము కనబడలేదు. తప్పు ఘడియలో చేసిన స్నానము గ్రహణస్నానము కాదు గదా! అనుష్ఠానమునందు శ్రద్ధ కలవానికే సరియైన గణితము ఎక్కువ అవసరము.

ఈ సమన్వయమునకు తాత్త్వికమైన పునాది భగవద్రామానుజుల సిద్ధాంతమున కలదు. ఆ దర్శనమున ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను మూడును ప్రమాణములే. జగత్తు మిథ్య కాదు. చేతనాచేతనములు రెండును భగవంతుని శరీరము. అట్టి జగత్తును పరిశీలించుట భగవంతునికి విముఖమగుట ఎట్లగును? ప్రత్యక్షానుమానములకు అందని విషయమును తెలుపుటయందే శాస్త్రమునకు ప్రయోజనము. గ్రహణము ఎప్పుడు పట్టును, ఏల పట్టును అనునవి కంటికిని గణితమునకును అందునవి. ఆ సమయమున భోజనము మాని భగవన్నామమును స్మరింపవలెననుట ఏ దూరదర్శినికిని అందదు; అది శబ్దము చెప్పవలసినది. ఒకదాని పనిని రెండవదానిచే చేయింపబోవుటయే కలహమునకు మూలము.

నేడు ఈ పొరపాటు కొత్తరూపమున కనబడుచున్నది. గ్రహణకాలమున విషకిరణములు ప్రసరించుననియు, దర్భ వాటిని హరించుననియు, పెద్దలు ఈ విజ్ఞానమును ముందే ఎరిగిరనియు కొందరు చెప్పుచున్నారు. ఆచారమునకు గౌరవము తెచ్చుటయే వారి ఉద్దేశము కావచ్చును. కాని ఫలము విపరీతము. వ్రతము ఔషధము కాదు. ఏకాదశి ఉపవాసము జీర్ణకోశమునకు మేలు చేసినను చేయకున్నను ఏకాదశియే. అసత్యమైన హేతువుపై ఆచారమును నిలిపినచో, ఆ హేతువు కూలిననాడు బిడ్డలు ఆచారమును గూడ విడుతురు.

భయముచే నిలిపిన ఆచారము ఇంతకన్నను కీడు చేయును. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు తెలంగాణమునందలి జపాల్–రంగాపూర్ నక్షత్రశాల నుండి పరిశీలించుచుండగా, దేశమున అనేక నగరముల వీధులు నిర్మానుష్యములయ్యెను. సూర్యుని వట్టి కన్నులతో చూచుట నేత్రములకు హానికరమనుట నిజము. ఆ జాగ్రత్త అవశ్యము. కాని ఇల్లు వెడలినంతనే కీడు కలుగుననుట నిజము కాదు. మన భాషలో చీలిన పెదవికి గ్రహణపు మొర్రి యను పేరే ఏర్పడినది. ఆ పెదవితో బిడ్డ పుట్టినచో, గ్రహణవేళ కదలితివనియో కత్తి పట్టితివనియో తల్లిని నిందింతురు. గర్భము ధరించిన తొలి వారములలోనే పెదవి రూపొందును. ఆ లోపమునకు గ్రహణముతో సంబంధము లేదు, శస్త్రచికిత్సచే దానిని సరిదిద్దవచ్చును. చేయని తప్పును జీవితాంతము మోయుచున్న ఆ తల్లి దుఃఖమునకు ఏ ధర్మము బాధ్యత వహించును? సూర్యగ్రహణమునకు నాలుగు జాములు, చంద్రగ్రహణమునకు మూడు జాములు ముందుగ భోజనము మానవలెనన్న ధర్మశాస్త్రములే బాలురకు, వృద్ధులకు, వ్యాధిగ్రస్తులకు మినహాయింపు నిచ్చినవి. అట్టి దయకు గర్భిణి దూరమగునా? ఆమెకు గ్రుక్కెడు నీరు ఇయ్యకుండుట శాస్త్రాభిమానము కాదు.

విజ్ఞానవాదులు గమనింపవలసినదియు ఒకటి కలదు. నీడ పొడవును కొలిచినంతమాత్రమున అహంకారము తరుగదు. గ్రహణక్షణమును నిర్ణయించు గణితము, ఆ క్షణమును ఎట్లు గడుపవలెనో చెప్పదు. పొరుగువాని ఆకలిని గుర్తుచేయదు. దానమును, సంయమమును, స్మరణమును మూఢత్వమని త్రోసివేసినవాడు, నీడ గూర్చి తెలిసికొని వెలుగును విడిచినవాడగును.

కావున గృహస్థులు గణితమును సత్యముగ నేర్పవలెను, అనుష్ఠానమును భక్తితో ఆచరింపవలెను, భయమును మాత్రము ఇంటినుండి వెడలగొట్టవలెను. సత్యస్వరూపుడగు భగవంతుని సేవకు అసత్యపు ఊత అక్కరలేదు.