పొదుపా, లోభమా?

చేతనున్నదానిని జాగ్రత్తగా వాడుకొనువానిని లోకము ఒకప్పుడు పొదుపరి యనును, మరియొకప్పుడు పిసినారి యనును. ఈ రెంటికిని భేదమేమి? ఎంత మిగిల్చినాడను లెక్కతో ఈ ప్రశ్న తేలదు. ఉష్ణమండలపు అడవులలోని చెట్ల బ్రతుకు తీరును గమనించినచో కొంత తెలియగలదు.

అమెజాను అడవి మిక్కిలి దట్టమైనదే గాని, అందు చాలభాగము నేల నిస్సారము. అనంతకాలముగా కురిసిన వానలకు భాస్వరము మున్నగు పోషక ద్రవ్యములు కొట్టుకొనిపోయినవి. అట్టి నేలలోని చెట్లు సాధారణముగా దళసరి ఆకులు వేసి, వానిని చిరకాలము నిలుపుకొనును. ఆకు రాలకమునుపే అందలి భాస్వరములో మంచి భాగమును వెనుకకు తీసికొని క్రొత్త చిగుళ్ళకు పంపును. రాలినదానిని సయితము పోనీయవు. వెనిజులాలోని సాన్ కార్లోస్ ప్రాంతమున చెట్ల వేళ్ళు నేలపై చాపవలె అల్లుకొనియుండును. ఆ వేళ్ళపై చల్లిన భాస్వరము, కాల్షియములలో వేయింట ఒకవంతు మాత్రమే క్రిందికి జారినట్లు 1978లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

సారవంతమైన నేలలో పద్ధతి వేరు. అచ్చటి చెట్లు పలుచని ఆకులు వేసి, త్వరగా రాల్చి, వడిగా పెరుగును. పోయినది మరల సులువుగా దొరకును గనుక అది దుబారా కాదు. పేదనేల చెట్లును తక్కువవి కావు. భాస్వరము కొరవడిన నేలకు అలవడిన జాతులు అచ్చటనే వేగముగా పెరుగగలవని పనామా అడవులలో జరిగిన పరిశోధన 2018లో వెల్లడించినది.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. చెట్టు వెనుకకు తీసికొన్న భాస్వరము మరల చిగురగును, పువ్వగును, విత్తనమగును. ఆ అడవి సంపద నేలలో కంటె ఈ రాకపోకలలోనే ఎక్కువగా నున్నది. అందుచేతనే అడవిని నరికి కాల్చినచోట బూడిదసారము కొద్ది పంటలకే చెల్లిపోవును.

చెట్టుకు ధర్మాధర్మ విచక్షణ లేదు. అది తన మనుగడకై చేయుపనిని పుణ్యమనరాదు గదా యని కొందరనవచ్చును. నిజమే. మనుష్యునకు ఎన్నుకొను స్వేచ్ఛ కలదు, కనుకనే బాధ్యతయు కలదు. వృథా కానీయక ఆపిన రూపాయి సరకుగా, గుమాస్తా జీతముగా, బిడ్డల చదువుగా, ఆకలిగొన్నవాని అన్నముగా తిరిగినచో అది పొదుపు. ఇనుపపెట్టెలోనే నిలిచిపోయినచో లోభము. కష్టకాలమునకై దాచుట తప్పు కాదు; కాని ఆ కాలము తనకే గాక పొరుగువానికి వచ్చినప్పుడు గూడ పెట్టె తెరువవలెను.