పడక మోసిన నలుగురు



మన ఊళ్లలో "నలుగురు మోశారు" అంటే పాడె గుర్తుకు వస్తుంది. మార్కు సువార్త 2వ అధ్యాయంలో నలుగురు మోసినది బ్రతికి ఉన్న మనిషిని. పక్షవాత రోగి తనంతట తాను ప్రభువు చెంతకు రాలేడు. వారు అతనిని పడకతో సహా మోసుకొని వచ్చి, ఇంటి కప్పు విప్పి దించారు. ప్రభువు మోసినవారి విశ్వాసాన్ని చూచాడని సువార్త చెబుతున్నది.

తమను తాము కాపాడుకోలేనివారు మన మధ్య కూడ ఉన్నారు. తట్టు జబ్బుకు మన దేశంలో మొదటి టీకా 9 నెలలు నిండిన తరువాత వేస్తారు. తల్లినుండి వచ్చిన రోగనిరోధక శక్తి అంతకుముందే తగ్గిపోవచ్చు. అప్పుడు ఇరుగుపొరుగు పిల్లలు టీకా వేయించుకొని ఉండటమే ఆ పసిబిడ్డకు రక్షణ. తట్టు రోగి వెళ్లిపోయిన గదిలో కూడ ఆ క్రిమి రెండు గంటలవరకు గాలిలో నిలిచి ఉండగలదు. అందుచేతనే నూటికి 95 మందికి రెండు మోతాదులు అందాలని వైద్యులు కోరుతారు.

ఈ రక్షణ సడలితే ఏమవుతుందో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులు చూచాయి. అక్కడ సుమారు రెండు లక్షల జనాభా. దాదాపు అందరూ క్రైస్తవులే. 2018లో టీకా వేసిన వెంటనే ఇద్దరు పసికందులు మరణించారు. టీకా పొడిని నీటికి బదులు పొరపాటున వేరొక మందుతో కలిపినందువల్ల ఆ ఘోరం జరిగింది. తప్పు టీకాది కాదు. కాని తల్లిదండ్రుల గుండెల్లో భయం నాటుకొన్నది. ప్రభుత్వం కూడ కొన్ని నెలలు ఆ టీకాను ఆపివేసింది. 2019 చివర తట్టు వచ్చిపడింది. 5,700 మందికి పైగా జబ్బుపడ్డారు. 83 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది ఐదేండ్లలోపు పిల్లలే. డిసెంబరు 5, 6 తేదీలలో కార్యాలయాలు, అంగళ్లు మూసి, టీకా పడనివారున్న ఇంటిముందు ఎర్రగుడ్డ కట్టించి, ఇంటింటికి వెళ్లి టీకాలు వేశారు. పసిబిడ్డ శవపేటికకు నలుగురు అక్కరలేదు. తండ్రి ఒక్కడే మోయగలడు.

"దేవుడే కాపాడతాడు, సూదులెందుకు?" అని కొందరంటారు. దేవాలయ శిఖరంపైనుండి దూకమని సాతాను ప్రభువును శోధించినపుడు వాడిన తర్కం ఇదే. ప్రభువు దానిని నిరాకరించాడు. దేవుని నమ్మడం వేరు, దేవుని పరీక్షించడం వేరు. వైద్యుని కూడ దేవుడే కలిగించాడని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తున్నది.

"నా బిడ్డ, నా ఇష్టం" అనేవారూ ఉన్నారు. శ్రీసభ అంతరాత్మను గౌరవిస్తుంది. కోవిడ్ టీకాలను గూర్చి 2020 డిసెంబరులో రోమునుండి వెలువడిన వివరణ కూడ టీకా స్వచ్ఛందంగా ఉండాలన్నది. అయితే అందరి మేలును, బలహీనుల రక్షణను మరువరాదని కూడ చెప్పింది. పొరుగువాని బిడ్డను లెక్కలోనికి తీసికొనని అంతరాత్మ ఇంకా నిద్రలోనే ఉన్నట్టు.

భయపడే తల్లిని నిందించకండి. ఆమె మాట వినండి, వెంటబెట్టుకొని డాక్టరువద్దకు తీసికొని వెళ్లండి. ఈ వారం మీ ఇంట టీకా కార్డు తీసి చూడండి. తట్టు టీకా రెండవ మోతాదు 16 నుండి 24 నెలల మధ్య పడాలి. తప్పిపోతే నర్సమ్మను అడగండి. జ్ఞానతల్లిదండ్రులారా, ఇది మీ బాధ్యత కూడ. తనంతట తాను నడువలేని పసిబిడ్డ పడక ఈనాడు మన చేతులమీద ఉన్నది. ఎవరి కొస వారు గట్టిగా పట్టుకొందము.

ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను దీవించునుగాక!